మందు ఆపమన్న కుర్రవాడు



పోయిన నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఏడో తరగతి చదివే అమ్మాయిది. ఆమె ఇలా రాసింది: "మాష్టారూ, పెద్దయ్యాక వ్యవసాయం చదువుతానంటే మా నాన్న నవ్వుతున్నారు. 'పొలంలో దిగితే వచ్చేదానికి కాలేజీ ఎందుకమ్మా? అందులో చదవటానికి ఏమున్నది?' అంటున్నారు. నిజంగా ఏమీ లేదా?"

ఆ తండ్రిని నేను తప్పుపట్టను. ముప్ఫై ఏళ్ళు సేద్యం చేసినవాడికి తెలిసిన సంగతులు చాలా పుస్తకాలలో ఉండవు. అయినా, చదవటానికి ఏమున్నదో ఊరికే చెబితే తెలిసేది కాదు. అందుచేత ఒక మనిషి కథ చెబుతాను.

ఆయన పేరు గోర్డన్ కాన్వే. 1938లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరంలో పుట్టాడు. మొదట జంతుశాస్త్రం చదివాడు. తరవాత కేంబ్రిడ్జిలోనూ, వెస్టిండీసులోని ట్రినిడాడ్ దీవిలోనూ ఉష్ణదేశాల వ్యవసాయం చదువుకున్నాడు. 1961లో, ఇరవైరెండు ఇరవైమూడేళ్ళ వయసులో, పురుగుల శాస్త్రజ్ఞుడుగా ఉద్యోగం దొరికి బోర్నియో దీవికి వెళ్ళాడు.

బోర్నియో చాలా పెద్ద దీవి. దాని ఉత్తర భాగం అప్పట్లో ఇంగ్లీషువారి పాలనలో ఉండేది. 1963 నుంచి అది మలేషియా దేశంలో చేరి సబా రాష్ట్రం అయింది. ఏడాది పొడుగునా వానలు కురిసే దట్టమైన అడవులు అక్కడ ఉన్నాయి. తవావు అనే ఊరి చుట్టుపక్కల ఆ అడవిని కొట్టి కోకో తోటలు వేశారు. చాక్లెట్లు చేసేది కోకో గింజలతోనే. గోదావరి జిల్లాల పిల్లలకు ఈ చెట్టును నేను వర్ణించనక్కరలేదు. వాళ్ళ కొబ్బరితోటల నీడలో కావలసినన్ని ఉన్నాయి. మిగతావాళ్ళకు ఒక వింత చెబుతాను: దీని కాయలు కొమ్మల చివర వేలాడవు, మానుకే అంటుకుని కాస్తాయి!

కాన్వే వెళ్ళేసరికి ఆ తోటల పరిస్థితి ఘోరంగా ఉన్నది. ఒక పురుగు కొమ్మలను తొలుస్తున్నది. ఒకటి మాను చుట్టూ ఉంగరం తొడిగినట్టు బెరడు కొరుకుతున్నది. గొంగళి పురుగులు ఆకులు తినేస్తున్నాయి. ఒక రకం దోమ రసం పీలుస్తున్నది. ఇవి చాలవన్నట్టు, పుల్లలతో ఆకులతో సంచీ అల్లుకుని అందులో దాక్కునే సంచీపురుగులు కూడా వచ్చిపడ్డాయి. తోటలవాళ్ళు చేతులు కట్టుకు కూర్చోలేదు. డి.డి.టి., డీల్డ్రిన్ వంటి గట్టి మందులు తెప్పించి కొట్టించారు. పురుగు పెరిగింది. ఇంకొక మందు కలిపి కొట్టించారు. పురుగు మరింత పెరిగింది.

ఇప్పుడు మీరు ఆ కుర్ర శాస్త్రజ్ఞుడి స్థానంలో ఉన్నారనుకోండి. ఏం సలహా చెబుతారు? మందు మార్చమంటారా? మోతాదు పెంచమంటారా?

మందు కొట్టటం మొత్తంగా ఆపెయ్యమని కాన్వే సలహా ఇచ్చాడు!

ఆ మాట అనటానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళో కాలేదు. ఆయన లెక్క తప్పితే ఉన్న నాలుగాకులు కూడా మిగలవు. కాని ఆయన ఆలోచన ఇది. ఈ పురుగులు ఆకాశం నుంచి ఊడిపడలేదు. అంతకుముందు అడవిలో ఉన్నవే. మరి అడవి చెట్లు మోడులై పోలేదేం? అక్కడ ఈ పురుగులను ఎవరో అదుపులో పెడుతున్నారన్న మాట. ఆ "ఎవరో" తోటలో ఏమైనట్టు?

మందు ఎవరి మీద పడుతున్నదో చూడండి. తొలిచే పురుగు కొమ్మ లోపల ఉంటుంది. సంచీపురుగు సంచీలో ఉంటుంది. మందు వాటికి సరిగా తగలదు. ఈ పురుగుల ఒంట్లో గుడ్లు పెట్టి, వాటిని లోపలినుంచి తినేసే చిన్న చిన్న కందిరీగలు ఉన్నాయి. మనకు కనబడీ కనబడనంత చిన్నవి. వాటిలో ఆడది పురుగును వెతుక్కుంటూ బెరడు మీదా ఆకుల మీదా రోజంతా తిరుగుతుంది. విషమంతా దాని కాళ్ళకే అంటుతుంది. దొంగ ఇంట్లో తలుపు వేసుకుని కూర్చుంటే, వీధిలో గస్తీ తిరిగే తలారిని చంపుతున్నామన్న మాట!

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం. ఒక ఆడ చిమ్మట 200 గుడ్లు పెడుతుందనుకోండి. (లెక్క సులువుగా ఉండటానికి నేను వేసుకున్న సంఖ్య ఇది.) తల్లీ తండ్రీ కలిసి రెండు. వచ్చే తరంలో కూడా రెండే మిగలాలంటే 198 చావాలి. పక్షులూ, సాలెపురుగులూ, చీమలూ, కందిరీగలూ, గాలీవానా కలిసి ఏటేటా ఆ పని చేసిపెడుతూనే ఉన్నాయి. మనం వాటికి జీతం ఇవ్వటం లేదు. మనం కొట్టిన మందువల్ల కందిరీగలు పోయి, 198 బదులు 196 మాత్రమే చచ్చాయనుకుందాం. తేడా రెండే! కాని బతికినవి నాలుగు. అంటే తరానికి రెట్టింపు. పది తరాలు గడిచేసరికి మొదటి రెండు పురుగులూ ఎన్ని అవుతాయో కాగితం మీద వేసి చూడండి. నాకు 2,048 వచ్చాయి.

తవావు తోటలలో మందు ఆగిపోయింది. కొన్నాళ్ళకు కొమ్మలు చీల్చి చూస్తే, తొలిచే పురుగుల ఒంట్లో కందిరీగల పిల్లలు కనబడ్డాయి. తలారులు తిరిగి వచ్చారు! గొంగళి పురుగులు తగ్గాయి. దోమ తగ్గింది.

బెరడు కొరికే పురుగు మాత్రం తగ్గలేదు. దీని సంగతి ఏమిటా అని వెతికితే, అసలు దాని ఇల్లు కోకో చెట్టు కానే కాదని తేలింది. అడవి కొట్టేసిన చోట తనంతట తానే మొలిచే ట్రీమా అనే చెట్టు ఒకటి ఉన్నది. ఆ పురుగు దానిలో పెరిగి కోకో మీదికి వస్తున్నది. తోటల్లో ఉన్న ట్రీమా చెట్లను తీసేశారు. ఆ పురుగు బెడద తీరింది. కోకో చెట్టునే చూస్తూ కూర్చున్నవాడికి ఈ సంగతి నూరేళ్ళకైనా తెలిసేదేనా?

ఇక మిగిలినవి సంచీపురుగులు. వాటిమీద కాన్వే మందే కొట్టించాడు! ఆశ్చర్యపోకండి. ఆయనకు మందు మీద కక్ష ఏమీ లేదు. తలారులకు ఎక్కువ హాని చేయకుండా ఆ పురుగును దెబ్బతీసే మందును ఏరుకుని వాడించాడు. పురుగు తగ్గుముఖం పట్టాక దాని శత్రువులే తక్కిన పని చూసుకున్నాయి. ఒక్కొక్క పురుగుకూ ఒక్కొక్క ఉపాయం. నాకు ఈ కథలో అన్నిటికన్న నచ్చింది ఈ భాగమే.

మీ తాతగారి ఇంట నులకమంచం ఉంటే దానిమీద ఒక నులకను పట్టి లాగి చూడండి. లాగినచోట బిగుస్తుంది, ఎక్కడో రెండో మూల వదులవుతుంది. ఆ మూలకూ ఈ మూలకూ సంబంధం ఉన్నదని లాగేదాకా మనకు తోచదు. ఇలా ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవాటిని "వ్యవస్థ" అంటారు. పురుగును పురుగుగా కాక, తోట అనే వ్యవస్థలో ఒక పోగుగా చూడటం కాన్వే అక్కడ నేర్చుకున్నాడు.

అయిదారేళ్ళు అక్కడ పనిచేశాక ఆయన మళ్ళీ విద్యార్థి అయినాడు. అమెరికాలోని కాలిఫోర్నియాకు వెళ్ళి, ఇటువంటి ముడులను గణితంతో లెక్కగట్టే విద్య చదివి, 1969లో డాక్టరు పట్టం పొందాడు. తరవాత చాలాకాలం లండనులోని ఇంపీరియల్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. (లెక్కలంటే పారిపోయే పిల్లలు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పురుగులు పట్టుకునేవాడికి కూడా లెక్కలు కావలసివచ్చాయి!)

థాయిలాండు దేశంలో చియాంగ్ మాయి అనే ఊరున్నది. దాని చుట్టూ ఉన్న లోయలో కాలవ నీటితో వరి పండుతుంది. వరి తరవాత రెండో పంటా మూడో పంటా తీసే పద్ధతులను అక్కడి విశ్వవిద్యాలయం వారు తయారుచేశారు. కాగితం మీద అవి చక్కగానే ఉన్నాయి. రైతులు మాత్రం అనుకున్నంతగా వాటిని అందుకోలేదు. ఎందుచేత? మట్టి శాస్త్రజ్ఞుణ్ణి అడిగితే మట్టి సంగతి చెబుతాడు. నీటివాడు నీటి సంగతి, ధరలవాడు ధరల సంగతి చెబుతారు. ఎవరి భాష వారిది. 1970ల చివరినుంచి కాన్వే అక్కడివారితో కలిసి ఈ పండితులందరినీ ఒక్కచోట కూర్చోబెట్టే పద్ధతి రూపొందించాడు. పెద్ద పెద్ద వ్యాసాలు చదవటం కాదు, అందరూ కలిసి బొమ్మలు గియ్యాలి. లోయ పటం ఒకటి, మిట్టనుంచి పల్లానికి నడుస్తూ ఎక్కడ ఏముందో చూపే బొమ్మ ఒకటి, ఏ నెలలో ఏ పని అని చెప్పే బొమ్మ ఒకటి. బొమ్మకు భాష అక్కరలేదు గదా!

ఏ పొలాన్ని చూసినా, ఏ ఊరిని చూసినా నాలుగు ప్రశ్నలు వేసుకోమన్నాడు. ఎంత పండుతుంది? ఇది మొదటిది, దీన్ని అందరూ అడుగుతారు. రెండు, ఏటేటా ఇంచుమించు అంతే పండుతుందా, లేక వాన వారం ఆలస్యమైతే సగానికి పడిపోతుందా? మూడు, గట్టి దెబ్బ తగిలితే తట్టుకుని నిలుస్తుందా? దెబ్బ అంటే వరద కావచ్చు, కొత్త తెగులు కావచ్చు. లేదా రోజూ కొంచెం కొంచెంగా పేరుకునే చవుడు కావచ్చు, అప్పు కావచ్చు. నాలుగు, పండినది ఎవరెవరికి ఎంతెంత చేరుతుంది?

ఇందులో చిక్కు ఏమిటంటే, ఒక దానిని పెంచబోతే తరచు ఇంకొకటి తగ్గుతుంది. కాలవ మొదట్లో ఉన్నవాడు రెండో పంటకు నీరు పెడితే ఊరి దిగుబడి పెరిగినట్టు లెక్కల్లో కనబడుతుంది. చివరి పొలంవాడి మొదటి పంట ఎండుతుంది. మూడు ప్రశ్నలకు మంచి మార్కులు వచ్చి నాలుగోదానిలో సున్నా వస్తే, ఆ విద్యార్థిని నేనైతే పై తరగతికి పంపను. చాలా పుస్తకాలు మొదటి ప్రశ్నతోనే ఆగిపోతాయి. నాకు అది ఎన్నడూ నచ్చలేదు.

బోర్నియో కోకో తోటలలో జరిగిన కథే తరవాత ఒక దేశమంతటా జరిగింది. ఇండోనేషియాలో వరికి సుడిదోమ పట్టింది. మన వరి రైతులకు దాని పేరు చెబితే చాలు, మొహం మారిపోతుంది. అక్కడ మందు కొట్టినకొద్దీ దోమ పెరిగింది, ఎందుకంటే దాన్ని తినే సాలెపురుగుల వంటివి ముందు చచ్చాయి. 1986లో అక్కడి ప్రభుత్వం 57 రకాల మందులను వరిమీద కొట్టరాదని నిషేధించింది. తరవాత రైతులే పొలం గట్టున కూర్చుని మంచి పురుగేదో చెడ్డ పురుగేదో లెక్కపెట్టుకునే బడులు అక్కడ వెలిశాయి. అవే మన ప్రాంతానికి వచ్చి "పొలంబడి" అయినాయి. మీ నాన్నగారో తాతగారో వాటికి వెళ్ళి ఉండవచ్చు, అడిగి చూడండి.

ఇక నా సొంత కథ ఒకటి చెప్పుకోవాలి. పెద్దలు కూడా వినాలి.

1990లలో నేను పత్తి పండించే ఒక పల్లెలో పనిచేశాను. మా బడిలో ఏటా పత్తి తీసే రోజుల్లో హాజరు పడిపోయేది, ముఖ్యంగా ఆడపిల్లల హాజరు. నేను ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి, తిరిగి వచ్చిన పిల్లలను బెంచీ ఎక్కించేవాణ్ణి. ఆ రోజుల్లోనే కొందరు బయటివాళ్ళు ఊరి పరిస్థితి తెలుసుకోవటానికి వచ్చారు. వాళ్ళు ప్రశ్నల కాగితాలు తీయలేదు. రచ్చబండ ముందు ముగ్గుపిండితో పెద్ద చక్రం గీసి, పన్నెండు గళ్ళు చేసి, ఊరివాళ్ళ చేతికే చింతపిక్కలు ఇచ్చారు. ఏ నెలలో ఎంత పని, ఎంత అప్పు, ఇంట్లో ఎన్ని గింజలు — అన్నీ పిక్కలతో పేర్చమన్నారు.

ఒక తల్లి లేచి వచ్చి పేర్చింది. ఆమె కూతురిని నేను ఆ వారమే బెంచీ ఎక్కించాను. గింజల గళ్ళలో పిక్కలు నెలనెలకూ తగ్గుతూ వచ్చి, పత్తి తీతకు ముందు గడి ఖాళీగా మిగిలిపోయింది. అప్పు గళ్ళలో సరిగా అక్కడే పిక్కలు గుట్టపడ్డాయి. ఆ పక్క గడిలో పత్తి కూలి. ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేను ఏడాది పొడుగునా చూసే హాజరు పట్టీకి మిగతా సగం ఆ నేలమీద కనబడింది.

ఆ ఏడు పరీక్షను పదిహేను రోజులు వెనక్కు జరిపించి, ఆ పిల్లలకు సాయంత్రాలు విడిగా పాఠాలు చెప్పాను. నలుగురు ఆడపిల్లలలో ముగ్గురు పదో తరగతి దాకా వచ్చారు. ఒక అమ్మాయి రాలేదు. బెంచీ ఎక్కించటం మాత్రం ఆ రోజుతో మానేశాను.

ఆ ముగ్గు చక్రం ఎక్కడనుంచి వచ్చిందో నాకు చాలాకాలం తెలియదు. తరవాత చదివితే తెలిసింది. చియాంగ్ మాయి లోయలో పండితులు గీసుకున్న నెలల బొమ్మలాంటిదే అది. ఊరిని తెలుసుకునే ఆ పద్ధతి చేతులు మారుతూ మన పల్లెల దాకా వచ్చింది. దారిలో ఒక పెద్ద మార్పు కూడా జరిగింది: సుద్దముక్క పండితుడి చేతినుంచి రైతు చేతికి వచ్చింది. 1988 నుంచి 1992 దాకా కాన్వే ఢిల్లీలోనే ఉన్నాడు, ఫోర్డ్ ఫౌండేషన్ అనే సంస్థ ప్రతినిధిగా. మన దేశంలో ఈ పద్ధతి బాగా వ్యాపించిన రోజులు అవే.

తక్కిన కథ త్వరగా చెప్పేస్తాను. ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయినాడు. 1997లో ఒక పుస్తకం రాశాడు. 1960లలో వచ్చిన హరితవిప్లవం పంట పెంచింది, సరే. ఇక రావలసినది రెండింతలు హరితమైనది కావాలి, అంటే పంటా పెరగాలి, నేలా నీరూ చెడకూడదు, బీదవాడి పొలానికి కూడా అది అందాలి అని అందులో వాదించాడు. 1998లో అమెరికాలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌కు అధ్యక్షుడైనాడు. ఆ రోజుల్లో, కోసిన గింజను దాచి తిరిగి విత్తితే మొలవకుండా చేసే విద్య ఒకటి బయలుదేరింది. రైతు ఏటా విత్తనం కొనుక్కోక తప్పదు. నాలుగో ప్రశ్న గుర్తుందిగదా? 1999 జూన్‌లో కాన్వే మోన్‌శాంటో కంపెనీ డైరెక్టర్ల ముందుకే వెళ్ళి ఆ ప్రయత్నం మానుకోమని చెప్పాడు. అక్టోబరులో ఆ కంపెనీ అధిపతి, దాన్ని అమ్మకానికి తేబోమని ఆయనకు బహిరంగంగా ఉత్తరం రాశాడు. అలాగని జన్యువులు మార్చిన పంటలన్నిటికీ ఆయన వ్యతిరేకి కాదు, జాగ్రత్తగా వాడుకోవాలనేవాడు. ఈ విషయంలో ఆయనతో ఏకీభవించనివారు చాలామంది ఉన్నారు, వాళ్ళలో నేను గౌరవించేవాళ్ళూ ఉన్నారు. ఆయన 2023లో, 85 ఏళ్ళ వయసులో మరణించాడు.

ఇప్పుడు ఉత్తరం రాసిన అమ్మాయికి. ఇంటర్మీడియెట్‌లో జీవశాస్త్రం తీసుకుని, ప్రవేశ పరీక్ష రాస్తే వ్యవసాయ డిగ్రీలో చేరవచ్చు. నాలుగేళ్ళ చదువు. చివరి ఏడు విద్యార్థులు కొంతకాలం పల్లెల్లో రైతుల దగ్గర ఉండి పని నేర్చుకోవాలి. ఊరివాళ్ళను కూర్చోబెట్టి వాళ్ళు గీయించే బొమ్మలలో ఆ నెలల చక్రం కూడా ఉంటుంది. ఆ విద్యార్థులు ఏ ఏడో మీ ఊరికే రావచ్చు; అప్పుడు పాఠం చెప్పేది మీ నాన్నగారే.

అంతదాకా ఆగనక్కరలేదు. ఈ ఆదివారం మీ నాన్నగారినీ అమ్మగారినీ ఇద్దరినీ కూర్చోబెట్టి చక్రం గీయించు. పిక్కలు వాళ్ళే పెట్టాలి, నువ్వు పెట్టకూడదు. అమ్మ చక్రం వేరుగా, నాన్న చక్రం వేరుగా గీయిస్తే ఇంకా మంచిది. రెండూ ఒకటిగా ఉంటే నాకు ఆశ్చర్యమే. పిక్కలు పేర్చాక కాగితం మీదికి ఎక్కించి నాకు పంపు. మిగతా పిల్లలు కూడా పంపవచ్చు. సేద్యం లేని ఇంట అయితే కొట్టు చక్రం గాని, మగ్గం చక్రం గాని గీయించండి. కాగితం మూల మీ ఊరి పేరూ, అక్కడ పండే పంటా రాయటం మరవకండి.